ఊదారంగు తొడుగు

సుజిత్ ఆసుపత్రికి వచ్చినప్పుడు అతని చేతిలో దానిమ్మపళ్ల సంచి ఉంది. పళ్లు మంచం పక్కన పెట్టేసి, తిరిగి వెళ్లేటప్పుడు అదే సంచిలో అయూబ్ చేతిలో పేలిన వేప్ ముక్కలు పట్టుకుపోయాడు.

"ఎందుకొదినా ఈ పాడు ముక్కలు? అన్న కంట్లో పడితే మళ్లీ భయపడతాడు. నేను పారేస్తాలే" అన్నాడు.

గుడ్డలో చుట్టి దాచిన ఆ ముక్కల్ని అయూబ్ భార్య ఫైజా తన చేత్తోనే తీసి ఇచ్చింది. ఆ తర్వాత చాలాకాలం ఆమె తిట్టుకున్నది ఆ చేతినే.

అయూబ్‌ది ప్రొద్దుటూరు. షార్జాలో రోలా దగ్గర, అరబ్బులు వేసుకునే పొడుగు అంగీలు, కందూరాలు కుట్టే దుకాణంలో పనిచేసేవాడు. కాలరు మీద దారంతో సన్నటి అల్లిక పనంటే అతనికే ఇచ్చేవాళ్లు. సిగరెట్టు మానడానికని, పొగకి బదులు బ్యాటరీ వేడికి లేచే ఆవిరి పీల్చే వేప్ పట్టుకున్నాడు. దాన్ని అలవాటు చేసింది సుజిత్. సుజిత్‌ది తెనాలి. ఫైజా ఈ దేశం రాకముందు వాళ్లిద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్లు. పక్క వీధిలో అమీర్ జాన్ అనే పఠాన్ పెట్టిన వేప్ షాపుని సుజితే చూసుకునేవాడు.

అయూబ్‌కి పట్టుబడింది మెక్ అనే రకం. అందులో కరెంటుని అదుపుచేసే బోర్డు ఉండదు, ఫ్యూజు ఉండదు. ఇత్తడి గొట్టం, లోపల బ్యాటరీ, పైన తీగచుట్ట, కింద బొత్తాం. నొక్కితే బ్యాటరీలో ఉన్న కరెంటంతా నేరుగా తీగలోకి పోతుంది. ఎక్కడ తప్పు జరిగినా మధ్యలో ఆపేది ఏదీ లేదు. అందుకే దాన్ని వాడేవాళ్లు తీగ చుట్టడంలో పనితనం ఉన్నవాణ్ణి వెతుక్కుంటారు. కాయిల్ అంటే ఆ తీగచుట్టే, దాని రెండు కొసల్ని కాళ్లంటారు, అవి గొట్టం గోడకి తగలకూడదు. కాజాలు కుట్టే వేళ్లు కదా, అయూబ్ చుట్టిన కాయిల్ చూడ్డానికే సెలవు రోజుల్లో షాపులో జనం మూగేవాళ్లు. "మా అయూబన్న చెయ్యి పడిందంటే కళ్లు మూసుకుని లాగొచ్చు" అని సుజిత్ గిరాకీలకి చెప్పుకునేవాడు.

అలాంటి చేతిలో గొట్టం పేలింది. కుడిచేతి బొటనవేలు సగం పోయింది. చూపుడువేలు మధ్య కణుపు దాకా పోయింది. మధ్యవేలు ఉంది గాని వంగదు. దుకాణంవాళ్లు అయూబ్‌ని తీసెయ్యలేదు, ఇస్త్రీ బల్ల దగ్గరికి మార్చారు.

అదంతా విధి అని ఫైజా ఓర్చుకునేదేమో. సుజిత్ నోరు మూసుకుని ఉంటే.

షాపు గిరాకీల వాట్సాప్ గ్రూపులో సుజిత్ తన గొంతు రికార్డు చేసి పంపాడు. "అయూబన్నకి జరిగింది మనందరికీ పాఠం. కాయిల్ కాళ్లు గోడకి తగిలేలా పెట్టాడు, షార్టయింది. మా బ్యాటరీలు నంబర్ వన్. తెలియని పని చెయ్యకండి బ్రదర్స్." అంతే. టీ కొట్టు దగ్గర, మసీదు మెట్ల దగ్గర, దుకాణంలో అందరూ ఆ మాటే. జాలిగా చూసేవాళ్లు కూడా "కొంచెం చూసుకోని ఉండాల్సింది" అని పోయేవాళ్లు.

చివరికి అయూబే నమ్మాడు. "ఏమో ఫైజా, ఆ పొద్దు కండ్లు అలిసిపోయినాయేమో. కాళ్లు సరిగా కత్తిరించలేదేమో" అన్నాడు ఒకనాడు అన్నం ముందు కూర్చుని, ఎడమచేత్తో మెతుకులు కెలుకుతూ.

ఫైజాకి ఒళ్లంతా కారం రాసినట్టయింది. వేళ్లు పోతే పోయాయి. పనిమంతుణ్ణన్న పేరు కూడా లాక్కుంటారా?

బీరువాలో అయూబ్ చొక్కాల కింద ఇంకో బ్యాటరీ ఉంది. సుజిత్ జతగా ఇచ్చిన రెండింటిలో మిగిలింది. మెరిసే ఊదారంగు ప్లాస్టిక్ తొడుగు, దాని మీద ముప్పై ఆంపియర్ల కరెంటు ఓర్చుకుంటుందని తెల్లటి అక్షరాలు. ఫైజా దాన్ని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. ఇంట్లో జాకెట్లు కుట్టే మనిషి ఆమె. అంచు దగ్గర తొడుగు సన్నగా ముడతపడి ఉంది, ఒకరి కొలతకి కుట్టింది ఇంకొకరికి తొడిగినట్టు. ఆ తొడుగుని అంచు వెంబడి జాగ్రత్తగా చీల్చింది. లోపల ఇంకో తొడుగు ఉంది. వెలిసిపోయిన ఆకుపచ్చది, పైఅంచున చిరిగి లోహం కనబడుతోంది. బ్యాటరీ రెండు కొసల్లోనూ ఏదో అతికించి పీకేసిన మచ్చలు.

అయూబ్ దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇది పాత ల్యాప్‌టాప్‌లోంచి పీకింది. ఐదారు ఆంపియర్లకే ఉడికిపోతాది. నా కాయిల్ దీన్నుంచి పదహారు, పదిహేడు లాగుతాది. ముప్పైది అనుకోనే కదా నేను చుట్టింది..." బ్యాటరీని మళ్లీ వెలుతురులోకి తిప్పాడు. "అంటే నేను తప్పు చుట్టలేదు."

వేళ్లు పోయినప్పుడు ఏడవని మనిషి అప్పుడు ఏడ్చాడు. ఫైజా ఏడవలేదు. ఇన్నాళ్లూ ఎవరి మీదో తెలియకుండా తిరుగుతున్న కోపానికి ఇల్లు దొరికింది.

"దీన్ని తీస్కపోయి అమీర్ జాన్‌కి చూపిద్దాం" అన్నాడు అయూబ్.

"ఇంట్లో కోసిన బ్యాటరీ ఇది. మనమే మార్చినామంటాడు. వాని షాపులో, వాని పెట్టెలోంచి తీసి, అందరి ముందర కోయాల. దానికి ముందు నీ కాయిల్ సరిగ్గానే ఉండాదని వాని నోటితోనే చెప్పియ్యాల. నాకు చుట్టేది నేర్పు."

"నీకేమిటికి ఈ పని?"

"నేర్పుతావా, లేదా?"

నేర్పాడు. మొదట్లో ఆమె చుట్టినవి చూసి అయూబ్ మొహం చిట్లించి పక్కన పడేసేవాడు. "చుట్టుకీ చుట్టుకీ మధ్య సందు రాకూడదు. మళ్లీ." సన్నటి కడ్డీ మీద తీగ బిగించి చుట్టడం, కాళ్లు గోడకి తగలకుండా కత్తిరించడం, తీగ కరెంటుని ఎంత అడ్డుకుంటుందో మీటరు మీద పెట్టి చదవడం. చుట్టిన ప్రతిదాన్నీ బోర్డు ఉన్న ఇంకో రకం వేప్ డబ్బా మీద పెట్టి కాల్చి చూపించమనేవాడు. తప్పు జరిగితే అది దానంతటదే ఆగిపోతుంది. ఎరుపు నడిమి నుంచి రెండు పక్కలకీ సమంగా పాకాలి. ఒక మూల ముందే భగ్గుమంటే ఆ చుట్ట పనికిరాదు. బ్యాటరీ తొడుగు గోటితో గీసినంత చిరిగినా పారెయ్యాలి. తాళాలున్న జేబులో బ్యాటరీ వెయ్యకూడదు, చిరిగినదైతే అసలే కూడదు, ఇనుము తగిలితే అంటుకుంటుంది.

ఫైజా తీగ బిగించిన ప్రతిసారీ అది సుజిత్ మెడ అనుకునేది. అందుకేనేమో, చుట్టు మీద చుట్టు వదులు లేకుండా పడేది. కొన్నాళ్లకి అయూబ్ ఒకదాన్ని పట్టకారుతో ఎత్తి చూసి, ఏమీ అనకుండా కింద పెట్టాడు. వంక దొరకలేదని ఆమెకి అర్థమైంది.

పైకి మాత్రం ఆమె సుజిత్‌తో ఎప్పటిలాగే ఉంది. బక్రీదుకి బిర్యానీ డబ్బా స్వయంగా షాపుకి తీసుకెళ్లి ఇచ్చింది. "మా ఒదిన చేతి బిర్యానీ ముందు ఏ హోటలైనా దండగే" అంటూ సుజిత్ అక్కడే తిన్నాడు. అతను చెయ్యి కడుక్కోడానికి లేచినప్పుడు కౌంటరు కింద ఊదారంగు ప్లాస్టిక్ చుట్ట కనబడింది, పక్కనే హెయిర్ డ్రయర్. అతని నెత్తిన చూస్తే దువ్వడానికే పెద్దగా ఏమీ లేదు. వేడిగాలికి ప్లాస్టిక్ ముడుచుకుని ఎలా బిగుసుకుంటుందో ఆమెకి అక్కడే తెలిసిపోయింది. "ఇంకొంచెం వేసుకో సుజిత్" అంది.

చలికాలంలో షాపు వార్షికోత్సవమని సుజిత్ కాయిల్ పోటీ పెట్టాడు. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజు అయ్యాక. తీగ, బ్యాటరీ షాపువే వాడాలి. ఫైజా పేరిస్తే అతను నవ్వాడు. "మీరా ఒదినా! భలే. రండి. అన్న తప్పు చేశాడని అన్న కుటుంబాన్ని వదిలేస్తామా?" ఆ మాట షాపులో ఉన్న నలుగురికీ వినబడేలా అన్నాడు.

"మొదటి వంతు నాకే ఇయ్యాల. ఇంటికాడ పనుండాది" అని మాత్రం అడిగింది. తన పగ కోసం ఇంకెవరి చేతిలోనో ఏదీ పేలకూడదు.

ఆ రోజు షాపు నిండిపోయింది. తెలుగువాళ్లు, మలయాళీలు, ఫిలిపినోలు. అమీర్ జాన్ అజ్మాన్ నుంచి వచ్చి లోపలి కుర్చీలో కూర్చున్నాడు. అయూబ్ తలుపు దగ్గర, దెబ్బతిన్న చెయ్యి జేబులో దాచుకుని నిలబడ్డాడు. సుజిత్ పెట్టె విప్పి అందరికీ కొత్త ఊదారంగు బ్యాటరీలు పంచాడు.

ఫైజా చుట్టింది. మీటరు సుజిత్ ముందుకి తోసింది.

"చదువు."

"పాయింట్ టూ ఫైవ్ ఓమ్స్. సూపరొదినా."

"కాళ్లు చూడు. గోడకి తగులుతాండాయా?"

అతను దీపం కిందికి వంచి చూశాడు. "లేదు. చాలా నీట్‌గా ఉంది."

"ఈ బ్యాటరీ ఓర్చుకుంటాదా?"

"ముప్పై ఆంపియర్లది! దర్జాగా ఓర్చుకుంటుంది."

"సరే. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు, సుజిత్. మీ అన్న ఆ పొద్దు చుట్టిన కాయిలే. అదే తీగ, అన్నే చుట్లు. ఇంత బాగుంటే మొదటి దమ్ము నువ్వు లాగు."

సుజిత్ నవ్వబోయాడు. "నాకు దగ్గొదినా, రెండు రోజుల్నించి..."

"లాగొద్దులే. పట్టుకోని బొత్తాం నొక్కు, చాలు."

సుజిత్ చెయ్యి గొట్టం దాకా వచ్చింది, తాకలేదు. నుదుటి మీద చెమట దీపం వెలుతురులో మెరిసింది.

"దబావో నా, సుజిత్. క్యా హువా?" అని నొక్కమంటూ తొందరపెట్టాడు అమీర్ జాన్ కుర్చీలోంచి.

సుజిత్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

ఫైజా గొట్టంలోంచి బ్యాటరీ తీసి, కుట్లు విప్పే కత్తితో అంచు వెంబడి ఒక్క గీత గీసింది. ఊదారంగు తొడుగు ఒలుచుకుపోయింది. కింద చిరిగిన ఆకుపచ్చది. దాన్ని బల్ల మీద పెట్టి, పక్కవాడి బ్యాటరీ అందుకుని అదీ చీల్చింది. ఆ తర్వాత ఎవరికి వాళ్లే గోళ్లతో పీకడం మొదలుపెట్టారు. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం, ఒకటి తుప్పుమరకలతో.

"యే క్యా బేచ్ రహా హై తూ?" ఏమిటి నువ్వు అమ్ముతున్నదని అమీర్ జాన్ లేచాడు.

"పాత స్టాకు భాయ్, ఎవరో కలిపేశారు..." సుజిత్ బల్ల మీద ఒలిచిన బ్యాటరీల్ని గబగబా పోగుచేసి ప్యాంటు జేబులో కుక్కుకున్నాడు. అదే జేబులో షాపు తాళాల గుత్తి ఉంది. బయటికి వేలాడుతున్న దాని రింగు బ్యాటరీల బరువుకి లోపలికి జారిపోవడం ఫైజా చూసింది.

ఏం జరగబోతోందో ఆ షాపులో అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. మాట పళ్లదాకా వచ్చింది. ఆమె పెదవులు బిగించింది. కాలితే కాలనీ అనుకుంది. వాడి తొడ, వాడి చెయ్యి, వాడి బ్యాటరీ. సుజిత్ తలుపువైపు నడుస్తున్నాడు. ఆమె కళ్లు ఆ జేబు మీదనే ఉన్నాయి.

"ఒరే, జేబు! జేబులోయి తీసి పారెయ్! తాళాలుండాయి!"

అరిచింది అయూబ్. సుజిత్ అర్థంకాక జేబులో చెయ్యి పెట్టి కెవ్వుమన్నాడు. అయూబ్ వాడి మీద పడి, మంచి చేత్తో జేబుని అడుగునుంచి పట్టి బయటికి తిరగేశాడు. తాళాలు, బ్యాటరీలు నేల మీద పడ్డాయి. ఒకటి పొగ కక్కుతోంది. ఎవరో దాన్ని బూటుతో బయటికి తన్నారు. కాలిబాట మీద అది బుస్సుమని మంట చిమ్మి, నల్లబడి ఆగిపోయింది.

సుజిత్ తొడ మీద అరచెయ్యంత బొబ్బ లేచింది, వేళ్లు కమిలాయి. అంతకుమించి ఏమీ కాలేదు.

అమీర్ జాన్ పెద్దగా అరవలేదు. పెట్టెలో మిగిలినవన్నీ తన కారులోకి ఎత్తించి, "ఖలాస్" అన్నాడు. ఆ ఖలాస్‌తోనే సుజిత్ ఉద్యోగం, వీసా రెండూ పోయాయి. పోయేముందు అమీర్ జాన్ అతన్ని పక్కన కూర్చోబెట్టి అదే గ్రూపులో మాట్లాడించాడు. "అయూబన్న కాయిల్ కరెక్టే. తప్పుడు బ్యాటరీ నేనే అమ్మాను." ఫైజా ఆ గొంతు మళ్లీ మళ్లీ విన్నది. కూర తరుగుతూ విన్నది, బట్టలు ఆరేస్తూ విన్నది. ప్రతిసారీ తీపిగానే ఉంది.

ఊరెళ్లేముందు సుజిత్ వాళ్ల ఇంటికి వచ్చాడు, కుంటుతూ. ఫైజా తలుపు సగమే తీసింది.

"క్షమించొదినా. ఇట్టా అవుద్దని నిజంగా అనుకోలేదు."

"ఆసుపత్రిలో తీస్కపోయిన ఆ ముక్కలు ఏం చేసినావు?"

"ఖాలిద్ లగూన్ నీళ్లలో పారేశా."

"పో" అని తలుపేసింది.

లోపల అయూబ్ చాప మీద కూర్చుని కొత్తగా వచ్చిన కుర్రవాడి కోసం కాలరు అల్లికకి గుర్తులు గీస్తున్నాడు. పెన్సిలు ఎడమచేత్తో పట్టుకోవడం కొద్దికొద్దిగా అలవాటవుతోంది. ఇప్పుడు దుకాణంలో అతన్ని మళ్లీ ఉస్తాద్ అంటున్నారు, పని నేర్పమని పక్కన కూర్చుంటున్నారు. తల ఎత్తకుండానే అడిగాడు.

"ఆ పొద్దు వాడు జేబులో వేసుకునేది నువ్వు చూసినావు కదా?"

"చూసినా."

"తాళాలుండేది కూడా?"

"చూసినా."

"మరి చెప్పలేదే?"

"చెప్పబుద్ధి కాలేదు."

అయూబ్ పెన్సిలు కింద పెట్టాడు. భార్య మొహంలోకి చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు. అతని చూపు తప్పించుకోవాలని ఆమెకి అనిపించలేదు.

"నేను చెప్పినానని నా మీద కోపమా?"

అబద్ధం చెప్పొచ్చు.

"కొంచెం ఉండాది" అంది.