లోపలి ఋణం

అన్యాయం ఎవరికి జరిగింది? నర్సీసాకు. ఎలా జరిగింది? కృతజ్ఞత పేరుతో. బతాంగాస్ ఊళ్ళలో దానిని లోపలి ఋణం అంటారు, డబ్బుతో తీరనిది. తల్లిదండ్రులు పోయిన నర్సీసాను సిస్టర్ల బడిలో చదివించి, తన కొడుకు రుఫీనోకు చేసుకుంది బసీలియా. ఆ మేలును ఆ ఇల్లు ఒక్కనాడూ మరచిపోనివ్వలేదు. అన్నం మెత్తబడితే, "నా ఖర్చుతో సిస్టర్లు నేర్పింది ఇదేనా?" అనేది అత్తగారు.

పక్షవాతంతో ఆవిడ మంచం పట్టాక, ఆ భారీ శరీరాన్ని మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానాలగదికి చేర్చింది నర్సీసా ఒక్కతే. "ఆడవాళ్ళ ఒంటి పనులు నాకెట్లా తెలుస్తాయి?" అనేవాడు రుఫీనో. ఒకనాడు అలా ఎత్తుతుండగానే నడుములో పుట్టిన మంట పిరుదు మీదుగా మడమ దాకా పాకింది. "ఇస్త్రీ చేసిన వేడి చేతులు చన్నీళ్ళలో పెట్టుంటావు, నరాలు పట్టేసుంటాయి," అన్నాడతడు కాఫీ ఊదుకుంటూ. మర్దన చేయించారు. నొప్పి తగ్గలేదు సరికదా, ఎడమకాలి చెప్పు తనకు తెలియకుండానే జారిపోసాగింది. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో పడి ఉండేది.

డాక్టరమ్మ ఆ పాదాన్ని పైకెత్తమంది. లేవలేదు.

"ఉత్త నడుంనొప్పికైతే నేను కత్తి పట్టనమ్మా. కాలు లాగేవాళ్ళలో కూడా చాలామందికి కొన్నాళ్ళకు దానంతటదే తగ్గుతుంది. మీకు నరం నలిగి పాదం బలం పోతోంది, అందుకే ఆపరేషన్. అది కాలి కోసం. నడుంనొప్పి పూర్తిగా పోతుందని మాటివ్వలేను. ఆ తరవాత బరువులు ఎత్తకూడదు."

"అమ్మను మళ్ళీ ఎప్పటినుంచి ఎత్తొచ్చు?" అని అడిగాడు రుఫీనో. అతడు అడిగింది ఆ ఒక్కటే. మేలు పొందిన మనిషికి పాదం కూడా సొంతం కాదు కాబోలు అనుకుంది నర్సీసా.

ఇంటికి రాగానే తల్లితో అన్నాడు: "నీ కోడలు నడుం కోయించుకుంటుందట. నిన్నెవరు చూస్తారో అడుగు."

స్నానం వేళయింది. అలవాటు చొప్పున నర్సీసా వంగి, అత్తగారి చంకల కింద చేతులు పెట్టి, అలాగే ఆగిపోయింది.

"అత్తయ్యా, నా ఋణం ఇంకా ఎంత మిగిలింది?"

వంకరపోయిన నోట్లోంచి మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. "ఏం లేదు. నేను పడిపోకముందే... తీరింది. చెబితే వెళ్ళిపోతావని... చెప్పలేదు."

నర్సీసా చేతులు వెనక్కి తీసుకుంది.

"రుఫీనో," అంది, "రా. మీ అమ్మను ఎత్తు."