ఎద మీంచి కొలిచిన రిబ్బను

కోసిగి బస్టాండు ఎదురు సందులో హనుమంతమ్మ అంగడి పొద్దున ఆరున్నరకే తెరుచుకుంటుంది. అంగడంటే పెద్ద అంగడేం కాదు. ఒక రేకుల తలుపు, ఒక చెక్కపెట్టె, గోడమేకులకు వేలాడే గాజులు, పిన్నులు, బొట్టుబిళ్ళలు. అన్నిటికీ ముందు, ఇంటి పెద్దల్లాగ, ఆదోని నుంచి తెచ్చిన తెల్లరిబ్బను చుట్టలు. హనుమంతమ్మ వాకిలి చిమ్మి, నీళ్ళు చల్లి, గ్లాసెడు టీ తాగి కూర్చుందంటే ఇంక ఆమె నోటికీ కత్తెరకూ మధ్యాహ్నం దాకా తీరిక ఉండదు.

రిబ్బను కొలవడానికి ఆమె దగ్గర టేపు లేదు, స్కేలు లేదు. కొసను ఎడమచేత్తో ఎదకు అదిమి పట్టి, కుడిచెయ్యి చాపినంత దూరం లాగి కత్తిరిస్తుంది. అదే కొలత. "నీ చెయ్యి పొట్టిదత్తా, రిబ్బను శానా తక్కువొస్తాండాది" అని ఎవరన్నా సణిగితే, "అట్లైతే నీ మొగుణ్ణి పిల్చకరా మ్మే, ఆయప్ప చేత్తో కొలుస్తా" అంటుంది. సణిగినామె నవ్వుకుంటూ పోతుంది.

ఆ తెల్లరిబ్బన్ల సంగతి ఊరందరికీ తెలిసిందే. సాయంత్రం జడకు కట్టుకుంటే తెల్లారేసరికి, కట్టుకున్న మనిషి లోపల ఏం బాధ ఉందో ఆ రంగుకు తిరుగుతాయి. ఏ బాధా లేకపోతే తెల్లగానే ఉంటాయి. ఎందుకట్లా అని ఎవరూ అడగలేదు. కోసిగిలో నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందని అడగడానికే జనాలకు పొద్దు చాలదు, రిబ్బన్ల సంగతి ఎవరడుగుతారు?

తిప్పలల్లా రంగు అర్థం కాకపోవడంతోనే వచ్చేది. ఆకుపచ్చకు తిరిగితే వాన వస్తుందని ఒకామె, కడుపు పండుతుందని ఇంకొకామె కొట్లాడుకునేవాళ్ళు. ఆ కొట్లాట తీర్చింది శివలీల. హనుమంతమ్మ అక్కకూతురు, ఊళ్ళో ఆశా కార్యకర్త. ఒకసారి కర్నూలుకు మీటింగుకు పోయి, పెద్ద పటం ఒకటి చుట్టి చంకలో పెట్టుకొని వచ్చింది.

"చిన్నమ్మా, దేశదేశాలోళ్ళు రిబ్బన్లకు అర్థాలు రాసి పెట్టుకున్నారు. మనమే వెనకబడినాం" అని దాన్ని అంగడి గోడకు అతికించింది.

ఎరుపు అంటే ఎయిడ్స్. గులాబి అంటే రొమ్ము క్యాన్సరు. ఆకుపచ్చ అంటే మనసులో బాధ. ఊదా అంటే ఇంట్లో దెబ్బలు. ఆ తర్వాత ఊళ్ళో పనులు చకచకా నడిచినాయి. జీవమ్మ రిబ్బను ఊదాకు తిరిగితే, ఎనిమిదిమంది ఆడోళ్ళు శనక్కాయలు పట్టుకుపోయి ఆమె ఇంటి అరుగు మీద కూర్చొని, ఒక్కమాట మాట్లాడకుండా వారంరోజులు వొలిచినారు. ఆమె మొగుడు ఎనిమిదో రోజుకు చెయ్యెత్తడమే మర్చిపోయినాడు. ఆకుపచ్చ రిబ్బనుతో వచ్చిన పదో తరగతి పిల్లను యూనిఫాం తప్పిందని నిలబెట్టిన బసవరాజు సారు, శివలీల చేత చివాట్లు తిని, ఇప్పుడు అట్లాంటి పిల్ల కనిపిస్తే పక్కన కూర్చోబెట్టుకొని "ఏం తల్లీ, లెక్కలా, ఇంట్లోనా?" అని అడుగుతాడు.

ఇన్ని తలలకు రిబ్బన్లు కట్టిన హనుమంతమ్మ తన తలకు మాత్రం ఎప్పుడూ కట్టుకోలేదు. అడిగితే "యాభై ఐదేండ్లకు నాకు రిబ్బనేంటికి, పెళ్ళిచూపులకు పోవల్లనా?" అని నవ్వేసేది.

నవ్వు వెనక అసలు సంగతి వేరే ఉంది. దసరా పండక్కి తలంటి పోసుకుంటుంటే ఎడమ రొమ్ములో రేగ్గాయంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేకపోవడమే ఆమెకు భయం. వాళ్ళ అమ్మకూ మొదట ఇట్లే నొప్పిలేని గడ్డ వచ్చింది, రెండేండ్లకు మనిషే లేకుండా పోయింది. రిబ్బను కట్టుకుంటే రంగు తెలిసిపోతుంది. తెలిస్తే ఆసుపత్రికి పోవాలి. పోతే డాక్టరమ్మ ఏం చెబుతుందో! చూడకపోతే లేనట్టే కదా అని హనుమంతమ్మ తనకు తాను చెప్పుకుంది. చెప్పుకుంటూ చెప్పుకుంటూ రెండు నెలలు గడిపేసింది.

అంతలో సుగ్గి వచ్చింది. కోసిగి చుట్టుపక్కల చేలు ఎండిపోయినాక, జనం మూటాముల్లె కట్టుకొని గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి లారీలెక్కి పోతారు. దాన్నే సుగ్గికి పోవడమంటారు. పోయే ముందర ఆడోళ్ళందరూ హనుమంతమ్మ దగ్గర రిబ్బను కట్టుకోవడం ఆనవాయితీ. తెల్లారి తెల్లగా ఉంటే లారీ ఎక్కుతారు. రంగు తిరిగితే శివలీల వెంట ఆసుపత్రికి పోయి, మందులు తీసుకొని తర్వాతి లారీకి పోతారు. పరాయి చోట జబ్బుపడితే చూసేదెవరు?

ఆ సోమవారం సాయంత్రం పద్నాలుగుమంది వరసగా వచ్చినారు. హనుమంతమ్మ ఎదకు అదిమి, లాగి, కత్తిరించి, పద్నాలుగు జడలకూ కట్టి పంపింది.

మంగళవారం పొద్దున పద్నాలుగు రిబ్బన్లూ గులాబి రంగే.

"ఓయమ్మో, ఒకరికి కాదు ఇద్దరికి కాదు, వీధికంతా వచ్చిందే!" అని ఆడోళ్ళు రిబ్బన్లు పీకి హనుమంతమ్మ ఒళ్ళో పారేసి, అంగడి ముందర కూలబడినారు. శివలీల పరుగెత్తుకొచ్చి పటం చూసింది, రిబ్బన్లు చూసింది, చెమట తుడుచుకుంది.

"ఎవరూ ఏడవొద్దు. పరీక్ష చేసేదాకా ఏమీ తెలీదు. అందరం కర్నూలు పెద్దాసుపత్రికి పోదాం పాండి. చిన్న ఈరన్నకు ఫోన్ చేసినా, టెంపో తెస్తాండాడు."

హనుమంతమ్మ ఒళ్ళో పడిన రిబ్బను ఒకదాన్ని పొడుగ్గా చాపి చూస్తూ ఉంది. ముడిలో ఉన్నప్పుడు అంతా గులాబి లాగే కనిపించింది గానీ, చాపితే రంగు అంతటా ఒకే మాదిరి లేదు. ఒక కొస చిక్కటి గులాబి. పోనుపోను పలచబడి, రెండో కొసకు తెలుపే. ఎవరి జబ్బుకు తిరిగినా రిబ్బను అంతా ఒక్కరంగే తిరగాలి. ఇంకోటి తీసింది, అదీ అంతే. చిక్కటి కొస ఏదో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. తాను ఎదకు అదిమి పట్టిన కొస. ఇన్నాళ్ళూ అంటని రంగు ఇప్పుడు అంటిందంటే గడ్డ పెరిగినట్టే.

చెప్పేద్దామా అనుకుంది. నోరు రాలేదు. వీళ్ళెట్లాగూ పోయి చూపించుకుంటారు, ఏమీ లేదని తెలుస్తుంది, ఆదోని అంగడోడు పాత సరుకు అంటగట్టినాడని తిడితే సరిపోతుంది. ఒక్కరోజు దాటితే చాలు. రిబ్బన్లు మడిచి పెట్టె కింద తోసింది.

అప్పుడే గురమ్మ ఒళ్ళోని ఆర్నెల్ల పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. గురమ్మ చెంచాతో చక్కెరనీళ్ళు పోస్తే, పిల్ల ఉమ్మేసి తల్లి ఎద కేసి మొహం రుద్దుతా ఉంది. గురమ్మ దాన్ని పక్కకు తిప్పి పట్టుకొని, తానూ ఏడుస్తోంది. పాలు చేపొచ్చి రవిక తడిసిపోయింది.

"పాలియ్యి మ్మే, ఏంటికట్ల ఏడిపిస్తాండావు?" అంది హనుమంతమ్మ.

"ఎట్లియ్యాలత్తా? నా రొమ్ములో ఏం విషముండాదో ఏమో. ఇది తాగితే దీనికేమన్నా అయితే? పొద్దున్నుంచి మాన్పించినా."

హనుమంతమ్మ పెట్టె కింద చెయ్యి పెట్టి రిబ్బన్లన్నీ బయటికి లాగింది.

"పాలియ్యి. ఆ రంగు నీది కాదు. ఎవరిదీ కాదు. నాది!"

అందరూ ఆమె దిక్కు తిరిగినారు. హనుమంతమ్మ లేచి నిలబడి, ఒక రిబ్బను గులాబి కొసను ఎడమవైపు ఎద మీద పెట్టుకొని, కుడిచెయ్యి చాపి, రోజూ కొలిచినట్టే కొలిచి చూపించింది. "చూడండి. ఈ కొస యాడ ఆనిందో చూడండి. దసరా నుంచి ఈడ గడ్డ ఉండాది. చెప్పలేదు. భయమేసింది. శానా భయమేసింది" అని, అంతమంది ముందర చిన్నపిల్ల లాగ ఏడ్చేసింది.

శివలీలకు కోపమొచ్చింది. "అందరి రంగులూ చూసేదానివి, నా కంట్లో దుమ్ము కొట్టినావు గదా చిన్నమ్మా!" అని అరిచి, అరుస్తూనే ఆమెను గట్టిగా పట్టుకుంది. గురమ్మ అప్పటికే పిల్లను ఎదకు వేసుకుంది. పిల్ల గుటగుట తాగే చప్పుడు అందరికీ వినిపించింది.

సందు మొగన టెంపో ఆపి చిన్న ఈరన్న హారన్ కొట్టినాడు. "ఏమప్పా, పోదామా వొద్దా? పద్నాలుగు మందంటిరి, ఒక్కరూ ఎక్కరే!"

"పదహైదు మందిమి!" అని కేకేసింది జీవమ్మ. "ఒక్కదాన్ని పంపిస్తే దావలోనే దిగి పారిపోతాది. అందరం పోతాండాం. పోయినోళ్ళం ఎట్లాగూ అందరం చూపించుకునే వస్తాం."

సుగ్గి లారీ మేస్త్రీ నెత్తి కొట్టుకున్నాడు, ఎవరూ పట్టించుకోలేదు. టెంపోలో ఎమ్మిగనూరు దాటేదాకా హనుమంతమ్మ ఏడ్చింది. దాటినాక ఎవరో బొరుగుల పొట్లం విప్పినారు. కోడుమూరు వచ్చేసరికి ఆమె చిన్న ఈరన్న డ్రైవింగును తిట్టడం మొదలుపెట్టింది. అప్పటికి గానీ అందరి మనసులూ కుదుటపడలేదు.

పద్నాలుగు మందికీ ఏమీ లేదు. హనుమంతమ్మకు ఉంది. డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి, "ఇంకొక ఏడాది దాచుకొని వచ్చుంటే నేను వేరే మాట చెప్పాల్సొచ్చేది. ఇప్పుడైతే బాగుచేస్తాం, ధైర్యంగా ఉండండి" అంది.

ఆపరేషనయింది. ఎడమరొమ్ము తీసేసినారు. మందులకు జుట్టంతా రాలిపోయింది. అంగడిని శివలీల చూసుకుంది. స్కేలుతో రిబ్బన్లు కొలిచి ఇచ్చింది గానీ అవి ఎవరికీ ఏ రంగుకూ తిరగలేదు, ఉత్త రిబ్బన్లయిపోయినాయి. "మీ చిన్నమ్మ ఎప్పుడొస్తాది?" అని జనాలు ఆమె ప్రాణం తీసినారు.

ఉగాదికి సుగ్గి జనం తిరిగొచ్చేసరికి హనుమంతమ్మ నెత్తికి గుడ్డ చుట్టుకొని అంగట్లో కూర్చొని ఉంది. మూటలింకా దించకముందే గురమ్మ సంచిలో ఎండు మిరపకాయలు, చంకలో పిల్లతో వచ్చింది. పిల్లకు నడినెత్తిన పిలక కట్టేంత జుట్టొచ్చింది.

"అత్తా, దీనికి మొదటి రిబ్బను. స్కేలు వొద్దు. నీ ఎద మీంచే కొలువు."

హనుమంతమ్మ చుట్ట విప్పింది గానీ కొసను ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఆగిపోయింది. "ఈడ ఏముండాది మ్మే, కుట్లు తప్ప?" అంది మెల్లగా.

"కొలువత్తా" అంది గురమ్మ మళ్ళీ.

హనుమంతమ్మ కొసను ఆ కుట్ల మీదే అదిమి పట్టింది. చెయ్యి చాపింది. కత్తిరించింది. పిల్ల పిలకకు కట్టి, మెటికలు విరిచి పంపింది. ఆ సాయంత్రం అన్నం సరిగ్గా తినలేకపోయింది.

తెల్లారి ఆమె వాకిలి చిమ్ముతుండగానే గురమ్మ పిల్లనెత్తుకొని వచ్చింది. పిల్ల రిబ్బను కొస నోట్లో పెట్టుకొని చీకుతోంది. హనుమంతమ్మ చీపురు పడేసి, దాని నోట్లోంచి రిబ్బను లాగి, ముడి విప్పి, వెలుతురుకు చాపి పట్టుకుంది. ఈ కొస నుంచి ఆ కొస దాకా వేళ్ళతో తడుముతూ చూసింది. ఒకచోట రాగిసంకటి అంటుకొని ఉంది. మిగతాదంతా తెలుపే.

ఆమె కళ్ళనుంచి నీళ్ళు జలజల రాలినాయి.

"తెల్లగుంటే ఏడుస్తాండావేందత్తా?" అంది గురమ్మ.

"మాయమ్మ గుర్తుకొచ్చిందిలే" అని హనుమంతమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "ఆయమ్మకు ఎవరూ రిబ్బను కొల్చలేదు."

తర్వాత పిల్ల పిలకకు రిబ్బను మళ్ళీ ముడేసి, టీకి నీళ్ళు పెట్టడానికి లోపలికి పోయింది.