సూర్యకుమారుని సిగముడి

ఉత్తరారణ్యములఁ గురిసిన వర్షధారలనెల్లఁ గడుపునిండఁ గ్రోలి మదించిన చౌప్రయా మహానది గట్లు దాఁటి వరిచేలను ముంచి శ్యామదేశ రాజధానియొక్క కోటగోడలనంటి పాఱుచుండిన కార్తీకమాసమున నొకనాఁటి ప్రభాతవేళ హంసముఖాలంకృతమైన సువర్ణనౌక ప్రవాహమధ్యమున నిలిచెను. కిరీటభారమునకు మెడ నిలుపలేని యెనిమిదేండ్ల రాజు సూర్యకుమారుఁడు పురోహితులు నేర్పిన విధమున వింజామర నెత్తి "మహానదీ! వెనుకకుఁ బొమ్ము" అని యాజ్ఞాపించెను. వఱద తీయు వేళ నెఱిఁగి రాజుచేత నీ మాట పలికించుట యా పురోహితుల కేఁటేఁటి విద్య. ఈ యేఁడు వారి గణితము తప్పెను. పట్టాభిషేకవార్త నదికింకను జేరలేదు కాఁబోలు, మఱునాఁటికది మఱి మూరెఁడు పెరిగెను.

తప్పినదేమని పురోహితుల నడిగినవాఁడు లేఁడు. నదియే మాట వినని రాజు రాజెట్లగునని సభాసదులు గుసగుసలాడి పిమ్మట రాజునకుఁ బినతండ్రియు సేనాపతియునగు సింహనాథుని ముఖమువంకఁ జూచిరి. సింహనాథుఁడు తల వంచికొని మిక్కిలి వినయముగా నూరకుండెను. ఆ వినయము వెనుకనున్న యపాయమును గ్రహించినది దాది చంపా యొక్కతెయే. పురిటిలోనే తల్లిని గోల్పోయిన యా శిశువునకుఁ జన్నిచ్చి పెంచినది యామెయే.

ఆమె పడవనెక్కి యావలియొడ్డున నున్న బౌద్ధవిహారమునకేఁగి వృద్ధస్థవిరుని పాదములపైఁ బడి బిడ్డను గావుమని మొఱవెట్టుకొనెను. ఆ దేశమున బాలురకు యుక్తవయస్సు వచ్చుదాఁక నడినెత్తి సిగముడి యుండును. అది తీసిననే గాని కాషాయము నిచ్చుట లేదు.

"సిగ కత్తిరించి తీసికొనిరమ్ము తల్లీ! ఎవరు కత్తిరించిరని నేనడుగను. కాషాయము గట్టినవానిపైఁ గత్తి యెత్తుటకు సింహనాథునికైనను జేయి రాదు. వేకువను నీటివాకిటికిఁ బడవ పంపెదను" అని స్థవిరుఁడు పలికెను.

చంపాకుఁ బోయిన ప్రాణము లేచివచ్చెను. సాయంకాలమున నామె కత్తెర గొని బాలుని యెదుట మోఁకరిల్లెను.

"దాదీ! విహారమున నన్నెవరైన నెత్తుకొందురా? పట్టము గట్టిననాఁటినుండి నన్నొక్కరును దాఁకరు" అని బాలుఁడడిగెను.

ఆమెకు దుఃఖము పొంగివచ్చెను. కాని చేయి ముందునకు రాలేదు. రాజశిరస్సును దాఁకినవారికి మరణదండనమని శాసనము. చావునకామె వెఱవలేదు. రాజవంశపుఁ బెద్దచేతఁ గాక నీచహస్తమునఁ దెగిన సిగ బాలుని పుణ్యమును బలిగొని యాయువును హరించునని చిన్ననాఁటినుండి వినినది, నమ్మినది. "కత్తిరింపుము దాదీ!" అని బాలుఁడు తల వంచెను. ఆమె కత్తెరను దింపివైచెను. వంశమున మిగిలిన పెద్ద సింహనాథుఁడొక్కఁడే. అతనికిఁ గావలసినది సింహాసనమే కదా, బిడ్డ సన్న్యసించినచో నది యడుగకయే చేతికి వచ్చును గదా, ఇంక నీ పసివానితో నతనికేమి పగ యని తన్నుఁ దాను సమాధానపఱచుకొని పిచ్చితల్లి యతనికడకే పోయి సర్వమును విన్నవించెను.

సింహనాథుఁడు కన్నులొత్తుకొనెను. "మర్యాద యననేమో మా మంత్రులు నీకడ నేర్చుకొనవలయును చంపా! నేనే వచ్చి సిగ తీసెదను. పడవ యే వాకిటికి వచ్చును?" అనెను. ఆమె చెప్పెను.

వేకువను నీటివాకిటఁ బడవ లేదు. సింహనాథుఁడు మాత్రము వచ్చి యన్నకొడుకునకు సాష్టాంగపడి లేచి పక్కకుఁ దొలఁగెను. అతని వెనుకనున్న భటులు ఎఱ్ఱమకమలు సంచిని విప్పిరి. ఒకని చేతఁ జందనపు దుడ్డుకఱ్ఱ గలదు. రాజరక్తము నేలఁ జిందరాదని యా దేశపుఁ గట్టడి.

"బాబాయీ! ఆ సంచి యెందులకు?"

"ఎవ్వరి చేతులును మిమ్ముఁ దాఁకకుండుటకు, మహాప్రభూ!"

చంపా కేకవైచి ముందునకుఱికెను. ఈటెలడ్డముగా నిలిచెను. ఒక్క రక్తబిందువైన నేలఁ బడలేదు. కట్టడి యెచ్చటను దప్పలేదు. సంచిని నదిలో విడిచిరి.

పక్షము గడచునప్పటికి వఱద తనంతటఁ దాన తీసెను. నది క్రొత్తరాజు మాట వినినదని ప్రజలు ముక్కునవ్రేలు వైచికొనిరి. సింహనాథుఁడు నిండుకొలువునకుఁ జంపాను రప్పించి రాజాచారమునుల్లంఘింపని సాధ్వియని కొనియాడి పట్టుచీర యొసఁగి తన పసికందునకు దాదిగా నియమించెను. ఆమె పరిచారికలు పట్టిన పాత్రలోఁ జేతులు గడిగికొనుచుఁ జాల సేపు వానినే చూచుచుండెను. ఆ చేతులు ఏ యపరాధమును జేయలేదు. చేసియున్నచో బిడ్డ బ్రదికియుండెడివాఁడు.