ఒడ్డున నిలబడ్డ బావ

మా మేనత్త కొడుకు దుర్గారావు బావ నన్ను కాలువలోకి తోసిన కథ ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పెళ్ళిళ్ళలో చెబుతాడు, దినాల్లో చెబుతాడు, గృహప్రవేశంలో పాలు పొంగేలోపు చెబుతాడు. నాకప్పుడు పదకొండేళ్ళు, ఆయనకి ఇరవై. రాజోలు దగ్గర మా మేనత్త ఇంటి ముందు కాలువ రేవులో మెట్టు మీద కూర్చుని కాళ్ళు కడుక్కుంటుంటే, వెనక నుంచి వచ్చి ఒక్క తోపు తోశాడు. "కప్పలా కొట్టుకుందండీ," అంటాడు. జనం నవ్వుతారు. మా అమ్మ కూడా నవ్వుతుంది. మరదల్ని ఆటపట్టించే హక్కు బావకి ఉందట. అదే పని పరాయివాడు చేస్తే పంచాయితీ పెట్టేవాళ్ళు. వరసైనవాడు చేస్తే సరసం.

ఆ సరసం పుణ్యమా అని ఇరవై ఏళ్ళు నేను తల మీద చెంబుతో నీళ్ళు పోసుకోలేదు. మొహం మీదికి నీళ్ళు జారితే ఊపిరి ఆగిపోయేది. బస్సు కాలువగట్టు ఎక్కితే కళ్ళు మూసుకునేదాన్ని. కోనసీమలో కాలువ చూడకుండా వెళ్ళాలంటే దారి పొడుగునా కళ్ళు మూసుకోవాల్సిందే. మలికిపురంలో టీచరుగా చేస్తున్నాను. పిల్లలందరూ పడవెక్కుదామని ముచ్చటపడితే జ్వరమని అబద్ధం చెప్పి ఇంట్లో పడుకున్నాను.

కిందటేడు అమలాపురంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఇది పిరికితనం కాదు, జబ్బు, తగ్గుతుంది అందావిడ. మొదట కాలువని చూడు, తర్వాత తాకు, ఆ తర్వాత దిగు, తొందరపడకు అని చెప్పింది. భయం వేసినప్పుడు నెమ్మదిగా ఊపిరి వదులుతూ మనసుకు నచ్చినవి తలుచుకోమంది. నేను ఊపిరి వదులుతూ బావ మొహం తలుచుకునేదాన్ని. నాకదే బాగా పనిచేసింది. నాకు కావలసింది ఒకటే. అదే రేవులో, అదే చుట్టాల ముందు, ఆ నవ్వు ఆయన మొహం మీద ఆరిపోవాలి.

బావ తోసిన రోజున నన్ను జుట్టు పట్టుకుని బయటికి లాగింది గంగాదేవి. అవతలి గట్టున చేపలు పట్టుకునే ఆవిడ. అరవై దాటినా ఇప్పటికీ వల వేస్తుంది. ఈత నేర్పమని ఆవిడనే అడిగాను. అప్పటికి ఏప్రిల్ ఆఖరు, కాలువ కట్టేశారు. ఏటా మరమ్మతులకని నీళ్ళు ఆపేస్తారు. నీళ్ళే లేకపోతే ఎలా అంటే, మొదలుపెట్టడానికి ఇదే మంచి అదనని చెయ్యి పట్టుకుని నన్ను ఎండిన కాలువలోకి దింపింది. పగిలిన బురద, తెగిన చెప్పులు, ఖాళీ సీసాలు. నా కలల్లో ఆ చోటికి ఎప్పుడూ అడుగన్నది లేదు. నీళ్ళుండగా రాళ్ళ మీద పడిన పచ్చటి చార చూపించి, దాని పక్కన నిలబడమంది. చార నా భుజం దాకా వచ్చింది, అంతే. అక్కడే కూలబడి ఏడ్చాను. దీనికా ఇరవై ఏళ్ళు? ఏడుపు అయ్యాక, ఇది నావల్ల అవుతుందని మొట్టమొదటిసారి అనిపించింది.

గంగాదేవి అప్పుడే ఇంకో మాట చెప్పింది.

"మీ బావగారు ఒడ్డునే బిగుసుకుపోయేరమ్మా. ఆయనకి ఈత రాదు. ఎవరికీ చెప్పొద్దని నన్ను బతిమాలేరు కూడాను."

కాలువగట్టున పుట్టి పెరిగినవాడికి ఈత రాదట! ఆ మాట నాకు పరమాన్నంలా ఉంది.

జూన్‌లో నీళ్ళు వదిలారు. తేలడానికి రెండు కొబ్బరికాయలు తాడుతో కట్టి తెమ్మంటే, ఇంట్లో ఉన్న వలిచిన కాయలు కట్టుకెళ్ళాను. కొబ్బరితోటల్లో పెరిగిన మనిషివి, తేల్చేది పైనున్న పీచు డొక్కేనని తెలీదా అని తిట్టి, వలవని ఎండుకాయలు తెచ్చి నా చంకల కింద కట్టింది. మేనత్త వాళ్ళ కంట పడకుండా దిగువ రేవులో నేర్పింది. మొదటి వారం మోకాళ్ళ వరకే. రెండో వారం వాంతి చేసుకున్నాను. ఒకరోజు మధ్యలో లేచి పారిపోయాను. మర్నాడు సిగ్గు లేకుండా మళ్ళీ వెళ్ళాను. ఆగస్టు వచ్చేసరికి కాయలు విప్పేసి కాలువ దాటాను.

శ్రావణమాసంలో బావ కూతురి ఓణీల వేడుక మేనత్త ఇంట్లోనే చేశారు. భోజనాలయ్యాక అందరూ రేవు దగ్గర కుర్చీలు వేసుకున్నారు. బావ కథ మొదలుపెట్టాడు. కప్ప దగ్గరికి వచ్చేసరికి నేను లేచి, కుచ్చిళ్ళు బిగించి దోపుకుని, మెట్లు దిగి నీళ్ళలోకి దూకాను. అమ్మ కేక వేసింది. అబద్ధమెందుకు, నడికాలువలో ఊపిరి బిగిసింది. అయినా ఈదాను. అవతలి గట్టు ముట్టుకుని వెనక్కి వచ్చి, రేవులో నిలబడ్డాను.

"రా బావా. నువ్వూ దూకు."

జేబులో ఫోనుందన్నాడు. ఎవరో ఫోను అందుకున్నారు. పట్టుపంచె తడుస్తుందన్నాడు. మావయ్యగారు తువ్వాలు ఇచ్చారు. మరదలు పిలిస్తే దిగకపోవడమేమిటని చుట్టాలు గోల చేశారు. బావ ఒక మెట్టు దిగాడు. రెండో మెట్టు మీద పక్కరాయి పట్టుకుని ఆగిపోయాడు. ఆ పట్టు ఎలాంటిదో నాకు తెలుసు. జాలి వేసింది. వేసినా వదల్లేదు.

ఆయన వంగి, నాకొక్కదానికే వినబడేలా, పరువు పోద్ది ఊరుకో తులసీ అన్నాడు.

"ఈత రాదని అందరికీ వినబడేలా చెప్పు బావా. పైకి వచ్చేస్తాను."

 నీళ్ళవైపు చూస్తూ ఈత రాదని చెప్పాడు. జనం గొల్లున నవ్వారు. నేను కోరుకున్న నవ్వే అది, కడుపు నిండింది. నవ్వనిది ఒక్క హేమక్క, బావ భార్య. ఆవిడ కుర్చీలోంచి లేచి మెట్ల దాకా వచ్చింది.

"ఈత రాకుండానే ఆ పసిపిల్లని తోసేరా అండీ? మునిగిపోతే ఎవరు తీద్దురనుకున్నారు?"

నవ్వులు ఆగిపోయాయి. అమ్మ తల దించుకుంది. బావ తువ్వాలు భుజాన వేసుకుని పైకి ఎక్కబోయాడు. పైకి రమ్మని మేనత్త నాకు చెయ్యి అందించింది. నేను అందుకోలేదు. హేమక్క అడిగినదానికి ఆయన జవాబు చెప్పేదాకా నీళ్ళలోంచి కదిలేది లేదన్నాను.