బ్రేకులో గాలి

"తొక్కు!" అన్నాడు రామ్‌చందర్, వ్యాను ముందు చక్రం విప్పిన చోట నేల మీద ఒరిగి.

డ్రైవరు సీట్లో కూర్చున్న భార్య కొమురమ్మ బ్రేకు తొక్కింది. అతను పానాతో గాలి వదిలే నిప్పల్ వదులు చేశాడు. సన్న పైపులోంచి బ్రేక్ ఆయిల్ వచ్చింది. దాని వెంట గాలి బుడగలు. మళ్ళీ బుడగలే, ఖర్మ!

పొద్దున్నుంచి ఇదే తంతు. నెల రోజులుగా బ్రేకు మెత్తగా అనిపిస్తోందని, ఉప్పుగూడలో ఇంటి ముందే చక్రాన్ని పట్టి ఆపే క్యాలిపర్ విప్పి లోపలి రబ్బరు సీలు మార్చాడు. ఇప్పుడు గాలంతా పోతే గాని బ్రేకు పట్టదు. దసరా సెలవులు అయిపోయాయి, రేపు బడి. ఎనిమిది మంది పిల్లలతో ఫలక్‌నుమా దిగుడు దిగాలి. ఇరవై రెండేళ్లుగా దిగుతున్నదే గాని, ఈసారి తలచుకుంటేనే భయమేస్తోంది. సీలు వంకరగా కూర్చుందేమో!

"నిప్పల్ బిగించేదాంక కాలు తియ్యకని చెప్పిన గద!"

"తొక్కుతనే ఉన్న గదయ్యా."

అతను లేచి చూశాడు. ఆయుధపూజ నాడు పెట్టిన పసుపు, కుంకుమ బ్రేకు మీద ఇంకా చెరగలేదు. కొమురమ్మ తొక్కుతుంది, వెంటనే కాలు తీసి, వంగి, బ్రేకును ముట్టి కళ్ళకద్దుకుంటుంది. ఆ సందులో గాలి మళ్ళీ లోపలికి దూరుతోంది.

"గిదేంది కొమురా! కొంప ముంచినవ్!"

"పూజ చేసినదాన్ని తొక్కి ఊకుంటరా? మొక్కద్దా?"

అంత కంగారులోనూ నవ్వొచ్చింది. "ఆఖరికి ఒక్కపారే మొక్కు. అమ్మవారు ఏమనుకోదు."

పది నిమిషాల్లో బుడగలు ఆగాయి.

"ఇగ రాయి లెక్క ఉంది," అంటూ ఆమె దిగింది.

అతను ఎక్కి తొక్కాడు. మెత్తగానే ఉంది. ఇంకోసారి తొక్కాడు. అంతే. వంగి చేత్తో నొక్కాడు. రాయే!

చెప్పు విప్పి, అరికాలిని బ్రేకు అంచుకేసి గట్టిగా రుద్దాడు. ఏమీ తెలియలేదు. పన్నెండేళ్ల షుగరు. కాళ్ళెలా ఉన్నాయని డాక్టరు అడిగినప్పుడల్లా "మంచిగనే ఉన్నయ్ సార్" అన్నాడు. చెడింది బండి కాదు, తన కాలు. ఈ కాలితోనే సెలవుల దాకా ఆ పిల్లలను తిప్పాడు!

"ఏమైందయ్యా?"

"బండి మంచిగనే ఉంది," అని, జహనుమాలో పని లేక కూర్చున్న డ్రైవరు బుచ్చయ్యకు ఫోన్ చేశాడు. "అన్నా, రేపటి సంది పిల్లల్ని నువ్వు తీస్కపో. ఇగ నాతోని గాదు."

సాయంత్రం బుచ్చయ్య వచ్చి గల్లీ చివరి దాకా నడిపి చూశాడు. "మస్తు పడుతుంది భాయ్ బ్రేకు. ఏం ఫికర్ లేదు," అన్నాడు. తనకు ఎత్తవుతోందని సీటు మీది మెత్త తీసి రామ్‌చందర్ చేతికిచ్చాడు.

వ్యాను మలుపు తిరిగింది. రామ్‌చందర్ మెత్తను మెట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళాడు. కొమురమ్మ పాత చీరతో కుట్టిన మెత్త అది, మధ్యలో దూది అతను కూర్చున్నంత మేర అణిగిపోయి ఉంది.