ప్రార్థన మనవి

ఆసుపత్రిలో తనను కూడా ప్రశ్నలు అడుగుతారని ఎస్తర్ అనుకోలేదు. జబ్బు భర్త సత్యానందానిది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించారు. ప్రొద్దుటూరుకు వచ్చినప్పుడల్లా అందరూ ఆయన్నే అడిగేవారు. ఆమె గోడ పక్కన నిలబడేది.

ఈసారి భావన అనే కౌన్సిలర్ ముందు సత్యానందంతో మాట్లాడి పంపించి, తర్వాత ఆమెను పిలిచి తలుపు వేసింది.

"ఇప్పుడు మీ సంగతి చెప్పండమ్మా. ఏ పని మీదైనా మనసు పోతాందా?"

"మనసు యాడుందమ్మా? సంచి కారతాందేమోనని ఎప్పుడూ ముక్కులోనే ఉంటాది."

భావన నవ్వింది. ఇంకొన్ని అడిగాక, మెల్లగా అంది: "చచ్చిపోతే బాగుండునని ఎప్పుడన్నా అనిపించిందా?"

ఎస్తర్ ఒకసారి మూసిన తలుపు వైపు చూసింది. "ఇద్దరికీ విశ్రాంతి వస్తే బాగుండు అనిపిస్తాది."

"అవునమ్మా, రెస్టు లేకుంటే ఎవరికైనా..."

"ఆ విశ్రాంతి కాదమ్మా."

భావన వాళ్ళు చర్చికి పోయేవాళ్ళు కాదు, నగల అంగడి వాళ్ళు. ఆ మాటకు ఇంకో అర్థముందని ఆమెకు తెలియదు. ఎస్తర్ వాళ్ళ చర్చిలో ఎవరూ చచ్చిపోయారనరు, విశ్రాంతిలోకి పోయారంటారు. సమాధి రాళ్ళ మీద కూడా అదే మాట ఉంటుంది. ఎస్తర్ చెప్పాక భావన కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

"ఏమన్నా చేసుకోవాలనిపించిందా?"

"లేదమ్మా. దేవుడే పిలుచుకుంటే బాగుండని, అంతే."

"ఇది పాపం కాదు, జబ్బు. మందుంది. మీ ఆయనకూ అవసరమే అనిపిస్తాంది. గురువారం మానసిక డాక్టరు వస్తాడు, ఇద్దరూ రండి. ముందురోజు నేనే ఫోన్ చేస్తా. అంతవరకు ఇంట్లో ఒక్కరికన్నా చెప్పుకోండి. ఒంటరిగా మోయొద్దు."

ఆ ఒక్కరు ఎవరో ఎస్తర్ వెతుక్కోనక్కరలేదు. జమ్మలమడుగు బస్సులో సత్యానందం దిగడానికి వీలుగా తలుపు దగ్గర కూర్చున్నాడు. వెనక సీట్లో ఎస్తర్ పక్కన, ఆసుపత్రికి తోడు వచ్చిన అరుణకుమారి కూర్చుంది. సత్యానందానికి అక్క, చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఎస్తర్ కాన్పుకు తల్లి పులివెందుల నుంచి రావడం ఆలస్యమైతే, రాత్రంతా నడుము పట్టింది ఈ వదినే.

"ఏందే ఎస్తరూ, కండ్లు వాచినాయి?"

ఎస్తర్ చెప్పేసింది. అడిగిన ప్రశ్న, తను చెప్పిన మాట, అన్నీ. అరుణకుమారి తన కొంగుతోనే ఆమె కళ్ళు తుడిచింది.

"నా నోట్లోంచి ఒక్క మాట బయటికి పోదు. ప్రభువు సాక్షి."

ఆ ఆదివారం సత్యానందం ఆపరేషన్ తర్వాత మొదటిసారి చర్చికి బయల్దేరాడు. ఎస్తర్ ఎన్నాళ్ళుగానో బతిమాలుతోంది. సంచి ఖాళీ చేసి, కొత్తది అంటించి, పైన తను కుట్టిన గుడ్డపట్టీ కట్టింది.

"శబ్దమొస్తే ఏం చేసేది మే?"

"పాటప్పుడొస్తే ఎవరికీ తెలీదు మామా. ప్రసంగమప్పుడొస్తే పాల్ రాజు నిద్రలేస్తాడు. పాస్టరు అయ్యగారు సంతోషపడతాడు."

ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

చర్చిలో వెనక బల్ల మీద కూర్చున్న సత్యానందం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఎవరూ అడక్కుండానే లేచాడు. "దేవుడు ఇంతవరకు కాపాడినాడు. ఇంక ఎప్పుడు విశ్రాంతి ఇచ్చినా నేను సిద్ధమే."

"ఆమెన్!" అన్నారు అందరూ. ముసలివాళ్ళు చేతులెత్తి స్తోత్రం చెప్పారు.

అది భక్తి కాదని ఎస్తర్‌కు తెలుసు. అది తన మాటే. గురువారం ఈయన్ని ఎట్లాగైనా తీసుకుపోవాలనుకుంది.

అయ్యగారు ప్రార్థన మనవులు అడిగారు. అరుణకుమారి మైకు అందుకుంది.

"మా మరదలు ఎస్తర్ కోసరం. శానా భారంతో చెప్తాండా. మా తమ్మునికి విశ్రాంతి వస్తే బాగుండునని ఆసుపత్రిలో అనింది. ఆ చెడ్డ ఆలోచన ఆమెను విడిచిపోవాలని అందరూ ప్రార్థన చేయండి."

ఈసారి ఆమెన్ వినపడలేదు. ఆడవాళ్ళ వైపు ఎవరో "అయ్యో తండ్రీ" అన్నారు. పక్కనున్నామె కొంచెం జరిగి కూర్చుంది. సత్యానందం తల తిప్పలేదు.

చెప్పులు విడిచిన చోట ఎస్తర్ ఆడబిడ్డను నిలేసింది. "ఎవరికీ చెప్పనంటివే వదినా!"

"ఎవరికి చెప్పినా? దేవునికే గదా."

"మైకులోనా? పైగా నేను ఇద్దరికీ అన్నా. ఆ మాట యాడ పోయింది?"

అరుణకుమారి గొంతు తగ్గించింది. "అది గూడా చెప్పమంటావా? తన చావు తాను కోరుకునేది ఎంత పాపం? మా తమ్మునితో విసుగెత్తినావంటే జనం అర్థం చేసుకుంటారు. ఇది తెలిస్తే నిన్ను ప్రభువు బల్ల దగ్గర రొట్టె గూడా తీసుకోనీరు. నిన్ను కాపాడినా మే."

ఆమె నిజంగానే అట్లా అనుకుంటోంది. ఎస్తర్ వంగి తన చెప్పులు వెతుక్కుంది.

ఇంట్లో సంచి మార్చడానికి ఎస్తర్ పోతే సత్యానందం చొక్కా ఎత్తలేదు. కొత్త సంచి తీసుకుని బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకున్నాడు.

"నీకు చేతకాదు మామా, తలుపు తియ్యి."

"నేను పోయేదాకా ఆగలేకపోయినావా?"

"ఇద్దరికీ అన్నా. నువ్వు గూడా పొద్దున అదే అంటివి గదా!"

"నాది సాక్ష్యం." లోపల చెంబు కింద పడిన చప్పుడైంది. "పులివెందులకు మీ అమ్మ దగ్గరికి పోతావో ఏమో, పో. నాకు మా అక్క ఉండాది."

బుధవారం ఫోన్ మోగింది, ఆసుపత్రి నుంచి. అరుణకుమారి తమ్ముడికి చారన్నం కలుపుతోంది. సత్యానందం మంచం మీద నుంచే అన్నాడు: "స్పీకర్లో పెట్టు. మళ్ళా ఆ కౌన్సిలరుతో ఏం చెప్తావో విందాం."

ఎస్తర్ పెట్టింది.

"ఎట్లుండారమ్మా? నిద్ర పడతాందా?" భావన గొంతు గది నిండా వినిపించింది.

"పడతాందమ్మా."

"ఆ రోజు మీరన్న మాట..."

"అది మీరనుకున్న విశ్రాంతేనమ్మా. నిద్ర చాలక అన్నా."

"మరి రేపు ఇద్దరూ వస్తారు గదా?"

ఎస్తర్ భర్త వైపు చూసింది. ఆయన గోడ వైపు తిరిగాడు. దుప్పటి మీద తడి మరక పాకుతోంది. సంచి సరిగా అంటుకోలేదు.

"రాములేమ్మా. బాగుండాము."

"అమ్మా, పక్కన ఎవరన్నా ఉండారా?"

"అందరూ ఉండారు. అందరూ నా కోసరం ప్రార్థన చేస్తాండారు."

ఫోన్ పెట్టేసి, వేడినీళ్ళు తేవడానికి లేచింది.