పెద్దిరాజు పులుసుకి తొమ్మిది బొమ్మలు

మస్కట్‌లో తన భర్త వంట వచ్చని అబద్ధం చెప్పాడని వీరాయమ్మ నాతో అన్నప్పుడు, ఆమె గొంతులో సిగ్గు కంటే భయమే ఎక్కువగా వినిపించింది. అది డెబ్బై తొమ్మిది వేసవి. నేను కొత్తపేటలో డ్రాయింగు మాస్టర్ని, ఒంటరివాణ్ణి. ఆమె మా వెనక వీధిలోనే ఉండేది కాని, అంతకుముందు మేం మాట్లాడుకున్నది లేదు.

"ఎండలో రెండుసార్లు పడిపోయేరంటండి. రెండోసారి ముక్కులోంచి రక్తం వచ్చిందంట. కేంపులో వంటోడు వచ్చే నెల మానేస్తన్నాడని తెలిసి, ఆ పని నాకొచ్చండీ అనేసేరు. అన్నం వార్చడం కూడా రాదండీ ఆయనకి!"

"మరెలా?"

"వారం చూస్తారంటండి. బాగోపోతే మళ్ళీ ఎండలోకే. మూడోసారి పడిపోతే..."

ఈ కబురు తెచ్చింది సెలవు మీద వచ్చిన అంజిబాబు. అతను వేరే కేంపులో పనిచేస్తాడు. ఆమె భర్త పెద్దిరాజుకి చదువు రాదు. వంట ఉత్తరంలో రాసి పంపితే తోటివాళ్ళెవరో చదివి పెట్టాలి, అప్పుడు గుట్టు బయటపడుతుంది.

"మీరు బొమ్మల కథలు గీస్తారంట గదండీ, మా అమ్మాయి చెప్పింది. వంట అలా గీసివ్వండి. మాటలుండకూడదు."

గీసేవాణ్ణి, నిజమే. గీసి పెట్టెలో పెట్టేసేవాణ్ణి. క్లాసులో ఎప్పుడైనా నల్లబల్ల మీద నాలుగు గళ్ళు గీసినా, గంట కొట్టేలోపు నేనే చెరిపేసేవాణ్ణి. నా బొమ్మని ఎవరైనా తేరిపార చూస్తే, చొక్కా విప్పి నన్నే చూస్తున్నట్టు ఉండేది. అయినా కాదనలేకపోయాను. ఆమె అడిగింది బొమ్మలు కాదు, నీడ.

నాలుగు సాయంత్రాలు వాళ్ళ వంటింటి గుమ్మం దగ్గర పీట వేసుకుని కూర్చున్నాను. చేపల పులుసు, పప్పుచారు, వంకాయ కూర, కోడికూర. పన్నెండు మందికి సరిపడే కొలతలు.

"ఉప్పెంత?"

"సరిపడా అండి."

"సరిపడా అంటే ఎలా గీస్తానమ్మా?"

ఆమె గుప్పిట్లో ఉప్పు పోసుకుని చూపించింది. గీశాను. కాయితం వైపు చూసి నాలిక కరుచుకుంది.

"ఇది నా చెయ్యండి. ఆయన చెయ్యి దీనికి రెండింతలుంటది. కేంపు కేంపంతా సముద్రం నీళ్ళు తాగినట్టే."

చెయ్యి చెరిపి టీ గ్లాసు గీసి, ఉప్పు ఎంతవరకు పొయ్యాలో గీత పెట్టాను. బొమ్మలో పెద్దిరాజుని చూసి ఆమె మొదటిసారి నవ్వింది. "ఆయనకంత జుట్టు లేదండీ!"

వంటకి ఒక కాయితం, కాయితానికి తొమ్మిది గళ్ళు, వరసకి మూడు. నాలుగూ అంజిబాబు చేతికిచ్చాం. మర్నాడు పదకొండింటి బస్సుకి అతని ప్రయాణం.

ఆ మర్నాడు పొద్దున్న వీరాయమ్మ తమ్ముడు వీరన్న నాలుగు కొబ్బరికాయలు తెచ్చాడు. మా అరుగు మీద పులుసు చిత్తుప్రతి కనిపిస్తే వంగి, గళ్ళ మీద వేలు జరుపుతూ చూశాడు.

"ఇదేటండీ, ఉల్లిపాయలు వేగగానే బావ చేపలేసేసేడు? పులుసు తర్వాత పోత్తన్నాడు, కారం ఆ తర్వాత. ముక్క చిదురైపోద్ది కదండీ."

అతని వేలు మొదటి వరస చివరికి వెళ్ళి, అక్కడే కిందికి దిగి, రెండో వరసలో కుడి నుంచి ఎడమకి వెనక్కి వస్తోంది.

"అలా చదివావేం?"

"దున్నేటప్పుడు చాలు చివరికొచ్చేక అక్కణ్ణించే కదండీ అరక తిప్పుకుంటాం! ఎత్తుకుని మళ్ళీ మొదటికెవడెళ్తాడండీ?"

"మీ బావ కూడా దున్నేవాడా?"

"ఆయ్. నాకు నేర్పిందే ఆయనండి."

వరస అయిపోగానే ఎడమకి గెంతడం కంటికి ఎవరో నేర్పిన అలవాటని నాకు ఎప్పుడూ తోచలేదు. ఎండలో బోర్లా పడివున్న మనిషి నా కళ్ళముందు మెదిలాడు. అతనికి నేను గీసిన జుట్టుంది.

వీరన్న సైకిలు తొక్కాడు, నేను వెనక కూర్చున్నాను. బస్టాండులో అంజిబాబు పెట్టె అప్పటికే బస్సు మీదికి ఎక్కింది. కాయితాలు చేతిసంచీలోనే ఉన్నాయి. పక్కన కుట్టుమిషను అతని దగ్గర కత్తెర, హోటల్లో గుప్పెడు మెతుకులు అడిగి తెచ్చాను. బెంచీ మీద వరసలు విడగొట్టి, మెతుకులు మెదిపి, చివరా చివరా అంటించడం మొదలుపెట్టాను. తిరగడానికి మలుపే లేకుండా, ఒక్కటే పొడుగాటి చాలు.

జనం మూగారు. కాయితాల మీదికి వంగి, వాటిని ఒంటితో కప్పబోయాను. భుజం మీంచి ఎవరి ఊపిరో తగులుతోంది.

"ముక్కలెప్పుడేస్తాడ్రా?"

"పులుసు మరగాలా వద్దా? ఆగు."

రెండో వరసకి వచ్చేసరికి, వాళ్ళు చూస్తున్నది నన్ను కాదని అర్థమైంది. వాళ్ళు పులుసుని చూస్తున్నారు. అందరికీ కనబడేలా కాస్త పక్కకి జరిగాను.

"మేస్టారూ, ఆ గిన్నె దింపండి బాబూ, బస్సు కదలాలి!" అని కండక్టరు అరిచాడు.

వీరన్న చుట్టిపెట్టిన నాలుగు పట్టీలూ విప్పి, ఎడమ నుంచి కుడికి గట్టిగా చదివాడు. ఎక్కడా తప్పలేదు.

ఆ తర్వాత నలభై రోజులు నిద్రలో కూడా గళ్ళు అతికించాను. మెతుకులు ఊడిపోయినట్టు, ముక్కలు కలగలిసిపోయినట్టు కలలు. మెలకువ వస్తే ఆ గ్లాసు మీద గీత సరిగ్గా పెట్టానా అని అనుమానం.

ఉత్తరం వచ్చిన రోజు వీరాయమ్మ పరుగున వచ్చి మా అరుగు మీద కూలబడింది. కేంపులో ఎవరో రాసిపెట్టిన ఉత్తరం. రాసినవాడికి ఏమీ తెలియదు. నన్ను చదవమంది.

"నేను క్షేమం. నీడపట్టునే ఉంటున్నాను. మొన్న చేపల పులుసు అందరూ మళ్ళీ అడిగి వేయించుకున్నారు."

"ఆ నీడ మాట ఇంకోసారి చదవండి."

చదివాను. మూడోసారి అడిగితే మూడోసారీ చదివాను. ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, గట్టిగా ఊపిరి వదిలింది. నాకు ఒక్కసారిగా విపరీతమైన ఆకలి వేసింది.

"మీ ఇంట్లో ఏం ఉందమ్మా తినడానికి?" అన్నాను. ఎవరినీ ఎప్పుడూ అలా అడిగినవాణ్ణి కాదు.

"ఉత్త చారండి మేస్టారూ," అంది నొచ్చుకుంటూ.

"అదే పెట్టమ్మా," అని లేచాను.